మిద్దె తోటలో, అపార్ట్‌మెంట్‌లో పురుగుమందు కొట్టే ముందు తేనెటీగల కోసం ఏం చేయాలి: బెంగళూరు తెలుగువాళ్లకి ఒక సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో మిద్దె తోట వేసే తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా ఎండాకాలం వచ్చేసరికి ఒకటే ప్రశ్న. సొర పిందె పడుతోంది, వేలెడంత అయ్యాక పసుపుబారి రాలిపోతోంది, ఏ మందు కొట్టమంటారు? చాలాసార్లు దీనికి మందే లేదు. ఆ పువ్వు మీద ఏ తేనెటీగా, ఏ రెక్కల పురుగూ వాలలేదు కాబట్టి పిందె నిలవలేదు. ఇక అక్కడ మందు కొడితే వచ్చే ఆ నాలుగు ఈగలు కూడా రావు, పిందెలు ఇంకా రాలతాయి, మనం ఇంకాస్త గట్టి మందు కొంటాం. ఈ వలయంలోంచి బయటికి రావడానికి వరసగా ఏం చేయాలో రాస్తున్నాను. మిద్దె మీద ఏం కొట్టాలో మనమే నిర్ణయిస్తాం, అపార్ట్‌మెంట్‌లో ఏం కొట్టాలో మన అసోసియేషన్ నిర్ణయిస్తుంది, అంటే ఈ రెండూ మన చేతిలో ఉన్నవే.

1. ముందు అసలు పురుగు ఉందో లేదో చూడండి

రాలిన పిందెని చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూడండి. సూదితో గుచ్చినట్టు చిన్న చుక్క, దాని దగ్గర జిగురు కారి గట్టిపడిన ముత్యం లాంటిది కనిపిస్తే అది పండు ఈగ. కోసి చూస్తే లోపల తెల్ల పురుగులు ఉంటాయి. ఏ గాటూ లేకుండా పువ్వు ఉండే కొస నుంచి ముడుచుకుంటూ పసుపు రంగుకి తిరిగితే మాత్రం పరాగసంపర్కం జరగలేదని అనుకోవచ్చు. దోసకాయ ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా వంకర తిరిగి పెరిగినా చాలావరకు ఇదే కారణం, పుప్పొడి సరిపడా చేరలేదు. అప్పుడు చేయాల్సిన పని మగ పువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయడం. గుమ్మడికీ దోసకీ ఉదయం తొమ్మిదిలోపు చేయాలి, ఎండెక్కితే పుప్పొడి పనికిరాదు.

ఇంకో ముఖ్యమైన పొరపాటు గులాబీ ఆకుల దగ్గర జరుగుతుంది. ఆకు అంచున కాంపస్‌తో గీసి కత్తిరించినట్టు అర్ధచంద్రాకారంలో, చక్కగా గుండ్రంగా ముక్కలు పోయి ఉంటాయి. చూడగానే గొంగళిపురుగు అనుకుని మందు తీస్తారు. గొంగళిపురుగు అంత నీట్‌గా కొరకదు, అది అడ్డదిడ్డంగా తింటుంది, కింద నల్ల రెట్టలు వదులుతుంది. ఈ గుండ్రటి కోత ఆకు కత్తిరించే ఒంటరి తేనెటీగది. అది ఆ ముక్కని తీసుకెళ్లి గోడ కన్నంలోనో, వెదురు బొంగులోనో చుట్టి, లోపల పుప్పొడి ముద్ద పెట్టి గుడ్డు పెడుతుంది. మొక్కకి నష్టమేమీ లేదు, వదిలేయండి. అలాగే పందిరి వెదురులో కన్నం చేసుకుని తిరిగే నల్ల తుమ్మెదని చూసి భయపడకండి. టమాటా, వంకాయ పువ్వుల్లో పుప్పొడి సన్నటి గొట్టంలో ఉంటుంది, దాన్ని గట్టిగా వణికిస్తేనే రాలుతుంది. మామూలు తేనెటీగకి ఆ పని చేతకాదు, తుమ్మెదకీ, పొట్ట మీద నీలి చారలుండే చిన్న ఈగకీ వచ్చు.

2. సీసా మీద అసలు పేరు చదవండి, రంగు చూసి మోసపోవద్దు

పురుగుమందు సీసా మీద త్రికోణం ఉంటుంది: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు అంటే అతి విషం, ఆకుపచ్చ అంటే తక్కువ. ఇది అందరికీ తెలుసు, కానీ ఆ రంగు మనుషులకి, పశువులకి ఎంత ప్రమాదమో చెప్పేది. తేనెటీగకి ఎంత ప్రమాదమో దాన్ని బట్టి తెలియదు. కాబట్టి రంగు వదిలేసి, బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి.

ఇమిడాక్లోప్రిడ్ (కాన్ఫిడార్ అని దొరికేది ఇదే), థయామెథాక్సామ్ (యాక్టారా), క్లోథియానిడిన్: ఈ మూడింటినీ యూరోపియన్ యూనియన్ 2018లో ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది, కారణం తేనెటీగలే. వీటితోపాటు ఫిప్రోనిల్, డైమిథోయేట్ (రోగార్), క్లోర్‌పైరిఫాస్, సైపర్‌మెథ్రిన్, డెల్టామెథ్రిన్ కూడా తేనెటీగలకి తీవ్రమైన విషాలు. డైమిథోయేట్ సంగతి ఒకటి చెప్పాలి: కొత్త మందు తేనెటీగలకి ఎంత విషమో ల్యాబ్‌లో పరీక్షించేటప్పుడు, ఈగలు కచ్చితంగా చచ్చిపోయే మందు ఒకటి పోలికకి కావాలి కదా, దానికి వాడేది డైమిథోయేటే. నర్సరీల్లో గులాబీలకి, మందారాలకి చేతికిచ్చేది కూడా అదే.

ఇమిడాక్లోప్రిడ్ లెక్క ఒకసారి వేసి చూద్దాం. తేనెటీగల కడుపులోకి వెళ్తే వాటిలో సగం చచ్చిపోయే మోతాదు ఒక్కో ఈగకి 4 నానోగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. గ్రాములో 100 కోట్ల నానోగ్రాములు. మనం లీటరు నీళ్లకి అర మిల్లీలీటరు 17.8 శాతం మందు కలిపితే అందులో అసలు విషం గ్రాములో పదో వంతు. అంటే ఆ ఒక్క లీటరు నీళ్లలో రెండు కోట్లకు పైగా తేనెటీగలకి సరిపడే మోతాదు ఉంది. అంతా ఈగల కడుపులోకి వెళ్లదు, నిజమే. కానీ మనం చిన్న స్ప్రేయర్‌తో ఎంత పెద్ద పని చేస్తున్నామో తెలియడానికి ఈ లెక్క చాలు.

3. ఈగ ఎలా దెబ్బతింటుందో అర్థం చేసుకోండి, మిగతా జాగ్రత్తలన్నీ దాన్నుంచే వస్తాయి

మందు నేరుగా మీద పడి చచ్చిపోవడం ఒక్కటే ప్రమాదం అయితే, ఈగలు లేనప్పుడు కొట్టి చేతులు దులుపుకోవచ్చు. కానీ నియోనికోటినాయిడ్లు అనే ఈ ఇమిడాక్లోప్రిడ్ కుటుంబం మొక్క ఒళ్లంతా పాకుతుంది. వేరు దగ్గర పోసినా ఆకులోకి, పువ్వులోకి, పుప్పొడిలోకి, మకరందంలోకి చేరుతుంది. కొన్ని నేలల్లో ఏడాది దాటినా మిగిలి ఉంటుంది. అందుకే "నేను స్ప్రే చేయలేదండీ, కుండీలో కొంచెం గుళికలు వేశాను అంతే" అనే మాటతో నాకు ధైర్యం రాదు. కుండీలో మట్టి తక్కువ, మొక్క చిన్నది, కాబట్టి మోతాదు పొలం కన్నా ఎక్కువే పడే అవకాశం ఉంది.

తక్కువ మోతాదు తిన్న ఈగ అక్కడికక్కడ చావదు. 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు తేనెటీగల వీపు మీద చిన్న చిప్పులు అంటించి, కొన్నింటికి చావని మోతాదులో థయామెథాక్సామ్ ఇచ్చి దూరంగా వదిలారు. మందు తినని వాటికన్నా మందు తిన్న ఈగలు చాలా ఎక్కువగా దారి తప్పి గూటికి తిరిగి రాలేదు. మన మిద్దె మీద ఒక్క చచ్చిన ఈగా కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం, అవి మన కళ్ల ముందు చావవు. పైగా 2015లో వచ్చిన ఇంకో అధ్యయనంలో తేలిందేమిటంటే, ఈ మందుల రుచి తేనెటీగలకి తెలియదు. మామూలు చక్కెర నీళ్లు, ఇమిడాక్లోప్రిడ్ గానీ థయామెథాక్సామ్ గానీ కలిపిన చక్కెర నీళ్లు పక్కపక్కన పెడితే మందు కలిపినదే ఎక్కువ తాగాయి. "విషం ఉంటే వాటికే తెలుస్తుంది, రావు" అనుకోవడానికి వీల్లేదు.

బూడిద తెగులు మందులు ఈగలకి ఏమీ చేయవని చాలామంది నమ్మకం. ఒంటరిగా చాలావరకు తక్కువ ప్రమాదమే. కానీ ప్రొపికోనజోల్ లాంటి "జోల్" జాతి మందుని ఎసిటామిప్రిడ్‌తో కలిపితే ల్యాబ్‌లో ఆ పురుగుమందు విషం తేనెటీగలకి వంద రెట్లకు పైగా పెరిగింది. ఈగ ఒంట్లో విషాన్ని విరగ్గొట్టే ఎంజైముల్ని ఈ జోల్ మందులు అడ్డుకుంటాయి. పని ఒకేసారి అయిపోతుందని రెండు మందులు ఒకే బకెట్లో కలిపే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

4. పువ్వు ఎప్పుడు విప్పుతుందో చూసి టైమ్ పెట్టుకోండి

అందరూ చెప్పే సలహా: సాయంత్రం కొట్టండి, ఈగలు ఉండవు. టమాటా, మిరప, బెండ, గుమ్మడి, దోస, కాకరకి ఇది బాగానే పనిచేస్తుంది. వీటి పువ్వులు పొద్దున విప్పుతాయి, సాయంత్రానికి వీటి మీద తిరిగే ఈగలు చాలావరకు గూటికి చేరతాయి.

బీర, సొర, పొట్ల దగ్గర ఇది తలకిందులవుతుంది. ఇవి సాయంత్రం విప్పే పువ్వులు. నాలుగున్నర, అయిదు గంటలప్పుడు బీర పందిరి కింద నిలబడి చూడండి, ముడుచుకున్న మొగ్గలు మెల్లగా పసుపు రేకులు విప్పుతాయి, చీకటి పడుతుంటే తెల్లటి సొర పువ్వులు వెలుగుతున్నట్టు కనిపిస్తాయి. వీటికి పుప్పొడి మోసేవి ఎక్కువగా సాయంత్రం, రాత్రి తిరిగే రెక్కల పురుగులు. ఆఫీసు నుంచి వచ్చి ఆరున్నరకి స్ప్రే పట్టుకుంటే సరిగ్గా వాటి భోజనం టైముకి కొడుతున్నట్టు. బీరకి, సొరకి చేయాల్సిన పని మర్నాడు పువ్వు వాడిపోయాక నీళ్లతో ఆకు అడుగు కడగడం. అంతగా కావాలంటే ఆ సాయంత్రం విప్పే మొగ్గలన్నీ తుంచేసి అప్పుడు ఆకులకి మాత్రం కొట్టండి. ఒక రోజు కాపు పోతుంది, పోనివ్వండి.

ఇంకొక సంగతి, పెద్ద తేనెటీగలు, మన అపార్ట్‌మెంట్ల అంచులకి పెద్ద పట్టు పెట్టేవి, వెన్నెల రాత్రుల్లో కూడా పువ్వుల కోసం తిరుగుతాయి. పౌర్ణమి దగ్గర్లో చీకటి పడ్డాక కూడా ఈగలు లేవని అనుకోవద్దు.

నా వరకు నియమం ఏంటంటే, పైన చెప్పిన జాబితాలో మందులు పూత ఉన్న మొక్క మీద ఏ టైములోనూ వద్దు, మొక్క చుట్టూ పూసి ఉన్న గడ్డిచామంతి, తులసి, కరివేపాకు పువ్వుల మీద పడేలా కూడా వద్దు. పూతలో ఉన్న తులసి చుట్టూ చిన్న కొమ్మ తేనెటీగలు పొద్దంతా తిరుగుతూనే ఉంటాయి.

5. మెత్తటి పద్ధతులతో మొదలుపెట్టండి

పేనుబంకకి, ఎర్రనల్లికి గట్టిగా నీళ్ల ధార చాలు, రెండు మూడు రోజులు వరసగా ఆకు అడుగున కొట్టాలి. పిండినల్లికి పాత టూత్‌బ్రష్, సబ్బు నీళ్లు. సబ్బు నీళ్లు తడిగా మీద పడితేనే పురుగు చస్తుంది, ఆరిపోయాక ఈగకి ఏమీ కాదు. హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కూరగాయల కోసం వేప సబ్బు, కానుగ సబ్బు తయారుచేసింది, దొరికితే పాకెట్ మీద ఉన్న మోతాదులోనే కలపండి. వేప నూనె ఎదిగిన ఈగలకి తక్కువ హాని చేసినా గూట్లో పిల్ల పురుగులకి మంచిది కాదు, అందుకని పువ్వు తప్పించి ఆకుకే కొట్టాలి.

గొంగళిపురుగులకి బీటీ అనే బ్యాక్టీరియా పొడి ఉంది, తినే గొంగళిపురుగు మీద పనిచేస్తుంది, ఈగలకి హాని చేయదు. పండు ఈగకి స్ప్రే కన్నా ఎర బుట్ట నయం, అందులో పెట్టే ఎర మందు తీగ జాతికి క్యూలూర్, మామిడి, జామకి మిథైల్ యూజినాల్. పిందె పడగానే కాగితం సంచి తొడిగితే ఇంకా ఖాయం. జిగురు అట్టలు వేలాడదీసేవాళ్లు నీలం అట్టని పూత టైములో తీసేయండి, నీలం రంగుకి తేనెటీగలు బాగా వస్తాయి, అతుక్కుని చచ్చిపోతాయి.

"ఆర్గానిక్" అని రాసి ఉంటే ఈగలకి క్షేమం అనుకోకండి. స్పైనోసాడ్ సహజంగా వచ్చిన మందే, తడిగా ఉన్నంతసేపు తేనెటీగలకి తీవ్ర విషం. చామంతి జాతి నుంచి తీసే పైరెత్రిన్ కూడా అంతే. పురుగుల్ని చంపడానికి వాడే బ్యూవేరియా ఫంగస్ పొడి కూడా పువ్వు మీద వద్దు, ఆ ఫంగస్ తేనెటీగలకి కూడా సోకవచ్చు.

నర్సరీలో మొక్క కొనేటప్పుడు గుళికలు వేశారా, ఏం కొట్టారు అని అడగండి. జవాబు సరిగా రాకపోతే మొదటి పూత తుంచేసి పెంచండి. ఇక మిద్దె మీద ఒక వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పెట్టండి. ఎండాకాలం ఈగలు కుండీ కింద ట్రేలో నిలిచిన నీళ్లు తాగుతాయి, ఆ నీళ్లలో మనం పోసిందంతా ఉంటుంది.

6. అపార్ట్‌మెంట్‌లో: ఒప్పందం కాగితం, ఫాగింగ్, తేనెపట్టు

అసోసియేషన్‌లో ఎవరినైనా పట్టుకుని పెస్ట్ కంట్రోల్ ఒప్పందం కాగితం తెప్పించుకోండి. అందులో మందు పేరు లేకపోతే రాయించండి. పూసిన చెట్లకి, పొదలకి స్ప్రే చేయకూడదు అనే ఒక్క వాక్యం చేర్చండి. 2013లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో, విల్సన్‌విల్ ఊళ్లో ఒక షాపింగ్ పార్కింగ్ చుట్టూ ఉన్న లిండెన్ చెట్లకి పేనుబంక పట్టిందని పూత మీద డైనోటెఫ్యూరాన్ (ఇదీ నియోనికోటినాయిడ్ కుటుంబానిదే) కొట్టారు. దాదాపు 50,000 బంబుల్ తేనెటీగలు కార్ల చుట్టూ రాలిపడ్డాయి. పార్కింగ్‌లో కార్ల మీద జిగురు పడుతోందని చెట్టుకి మందు కొట్టించే ఆలోచన ఇక్కడ మనవాళ్లలోనూ వస్తుంది, మార్చి, ఏప్రిల్‌లో కానుగ చెట్లు పూసి ఉన్నప్పుడు ముఖ్యంగా.

డెంగీ భయం నిజమైనది, ఫాగింగ్ అడిగేవాళ్లని తప్పుపట్టలేం. కానీ పొగ ఎగిరే దోమల్నే చంపుతుంది, నీళ్లలో ఉన్న దోమ పిల్లల్ని చంపదు, నాలుగు రోజుల్లో మళ్లీ దోమలు. 2016లో అమెరికాలోనే సౌత్ కరోలినాలో జికా వైరస్ మోసే దోమల కోసం పొద్దున్నే విమానంతో నాలెడ్ మందు చల్లితే ఒక్క పెంపకందారు దగ్గరే 46 పెట్టెల తేనెటీగలు పోయాయి. సంప్ మూతలు, కూలర్లు, కుండీ ట్రేలు, లిఫ్ట్ గుంతలో నీళ్లు ముందు చూడండి. నిలవ నీళ్లలో దోమ పిల్లల్ని చంపే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు వేయించండి, అది ఈగలకి ప్రమాదం కాదు. అప్పటికీ ఫాగింగ్ తప్పదంటే చీకటి పడ్డాక, పూల మొక్కలకి దూరంగా, ముందు రోజే అందరికీ చెప్పి చేయించండి.

ఇక బాల్కనీ అంచున పెద్ద తేనెపట్టు. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఎత్తు బిల్డింగుల్లో ఇది మామూలు. గ్రూపులో ఫోటో పడగానే టెన్షన్, గంటలో పెస్ట్ కంట్రోల్ నంబరు. మా బిల్డింగులో ఇలాగే గొడవ జరుగుతుంటే మదనపల్లె వైపు నుంచి వచ్చిన వాచ్‌మన్ ఒక్కమాట అన్నాడు: "పూలు అయిపోతే అవే పోతాయి లేక్కా, మనం వాటి జోలికి పోకుంటే చాలు." అతను చెప్పింది నిజం. ఈ పెద్ద తేనెటీగలు వలస జాతి, కొన్ని నెలలుండి పట్టు ఖాళీ చేసి వెళ్లిపోతాయి. ఆ బాల్కనీ తలుపు మూసి ఉంచండి, రాత్రి లైటు ఆర్పేయండి (వెలుతురుకి లోపలికొస్తాయి), రాళ్లు వేయనీయకండి, పొగ పెట్టనీయకండి, పక్క బాల్కనీలకి వల కట్టించండి. తేనెటీగ కుట్టినప్పుడు ఒక వాసన వదులుతుంది, అది మిగతా వాటిని అక్కడికే పిలుస్తుంది. కాబట్టి కొట్టడం మానేసి ఇంట్లోకి పరిగెత్తాలి, ముల్లుని గోటితో గీరి తీసేయాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా, చాలా చోట్ల కుట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. స్కూలు పిల్లలు తిరిగే చోట, లేదా అలర్జీ ఉన్నవాళ్ల కిటికీ దగ్గర పట్టు ఉంటే తీయించక తప్పదు, అప్పుడు చంపకుండా తరలించేవాళ్లని పిలవండి. మందు కొట్టించిన పట్టు తేనె ఎవరూ తినకూడదు. ఆ పట్టుని అలాగే వదిలితే పక్క గూళ్ల ఈగలు వచ్చి ఆ విషపు తేనెని ఎత్తుకుపోతాయి.

7. ఈగలు చచ్చి కనిపిస్తే

కింద పడి గిరగిరా తిరగడం, వణకడం, నాలుక బయటికి చాచి చనిపోవడం, పెట్టె ముందు ఒక్కసారిగా కుప్పగా పడటం: ఇవి విషం లక్షణాలు. ఫోటో, తేదీ, చుట్టుపక్కల ఎక్కడ ఏం కొట్టారో వెంటనే రాసుకోండి. తాజాగా చచ్చిన ఈగల్ని ఒక గుప్పెడు శుభ్రమైన సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి, ఎండలో వదిలేస్తే మందు ఆనవాళ్లు పోతాయి. సలహా కోసం జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తేనెటీగల పెంపకం విభాగం ఉంది. మిద్దె మీద తేనె పెట్టె పెట్టుకున్నవాళ్లు పక్కింట్లో స్ప్రే ఉందని తెలిస్తే ముందు రాత్రి పెట్టెని తడి గోనె సంచితో కప్పండి, గాలి ఆడేలా చూసుకోండి, మర్నాడు సంచి ఆరకుండా నీళ్లు చల్లుతూ ఉండండి.

8. ఇంట్లో మిగిలిన సీసాలు

సింకులో, మోరీలో పోయకండి, ఆ నీళ్లు చివరికి బెళ్లందూరు, వర్తూరు లాంటి చెరువుల్లోకి చేరతాయి. పని మనిషికో, మాలీకో "ఊరికి తీసుకుపో" అని ఇవ్వకండి. మూత గట్టిగా బిగించి, కాగితంలో చుట్టి, ప్రమాదకర చెత్త కింద విడిగా ఇవ్వండి. పైన తెలుగులో, కన్నడలో పెద్ద అక్షరాలతో విషం అని రాసి అంటించండి, చెత్త తీసుకెళ్లే అక్కకి అది మామూలు ప్లాస్టిక్ సీసాలా కనిపించకూడదు.